రాయగడలో కూర్చుని లీడ్స్ ఇంటికి వేడి సర్దిన కథ

మా అమ్మాయీ అల్లుడూ ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటారు. నేనూ మా ఆవిడా ఒడిశాలోని రాయగడలో ఉంటాం. వాళ్ళ ఇంట్లో ఎనిమిది రేడియేటర్లు ఉన్నాయి, అంటే లోపల వేడినీళ్ళు పారుతూ గదిని కాచే ఇనుప పలకలు. మా ఊళ్ళో రేడియేటర్ అంటే లారీ బానెట్ కింద ఉండేదే. అయినా ఆ ఇంట్లో అన్ని గదులూ ఒకేలా వేడెక్కేటట్లు చూసే పని పోయిన చలికాలంలో నా నెత్తిన పడింది. చేతులు అమ్మాయివి, పానా అల్లుడిది, కేకలు మాత్రం నావి. మధ్యలో వీడియో కాల్.

నాకు ఆ పని ఎందుకు అప్పగించారో చెప్పాలి. ఇక్కడి కాగితం మిల్లులో స్టీమ్ లైన్ల మీద పనిచేసి రిటైరయ్యాను. కాగితం యంత్రం చివర్లో తడి కాగితాన్ని ఆరబెట్టడానికి పోత ఇనుప సిలిండర్లు వరుసగా ఉంటాయి. వాటి లోపలికి ఆవిరి పంపుతారు. ఆ ఆవిరి తన వేడిని ఇచ్చేసి నీరుగా మారుతుంది. ఆ నీరు ఎప్పటికప్పుడు బయటికి పోకుండా లోపల నిలిచిందంటే, ఎంత ఆవిరి తోసినా సిలిండర్ బయటి ముఖం సరిగ్గా కాగదు. కాగితం ఒక పక్క పెళుసుగా, మరో పక్క చెమ్మగా వస్తుంది. కొత్తగా చేరిన కుర్రాళ్ళు వెంటనే ఆవిరి వాల్వు ఇంకాస్త తిప్పబోయేవారు. పాతవాళ్ళు వాళ్ళ చేతి మీద కొట్టి, ముందు నీరు బయటికి పోతోందో లేదో చూడమనేవారు. మా షిఫ్టులో తెలుగు, ఒడియా కలగలిసే నడిచేవి. 1936 దాకా ఈ కొండలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ కిందే ఉండేవి కదా, ఇక్కడ తెలుగు ఎవరికీ కొత్త కాదు. తిట్లకు మాత్రం అందరం తెలుగునే ఎంచుకునేవాళ్ళం.

ఇక లీడ్స్ ఇంటి సంగతి. 1930లలో కట్టిన రెండంతస్తుల ఇల్లు, ఒక గోడ పక్కింటితో ఉమ్మడి. కింద వీధి తలుపు దగ్గర నడవ, ముందు గది, భోజనాల గది, వంటగది. పైన మూడు పడకగదులు, ఒక స్నానాల గది. వంటగది గోడకు గ్యాస్ బాయిలర్. అది రేడియేటర్లకూ నీళ్ళు కాస్తుంది, కుళాయి తిప్పితే స్నానానికీ అప్పటికప్పుడు కాచి ఇస్తుంది, వేడినీళ్ళ ట్యాంకంటూ వేరే లేదు. మా మనవడి గది పైన వెనకవైపు. నడవలో కోటు విప్పేయాల్సినంత ఉక్క, మనవడి గదిలో రెండు స్వెట్టర్లు. ఒక మెకానిక్ వచ్చి చూసి, ఆ గదిలో రేడియేటర్ చిన్నది, పెద్దది వేయాలని ఖరీదు చెప్పి వెళ్ళాడట. ఆ ఖరీదు అమ్మాయి నాకు రూపాయల్లో చెప్పింది. ఆగమన్నాను.

నేను అడిగిన మొదటి ప్రశ్నకు ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఆ రేడియేటర్‌లో చల్లగా ఉన్నది ఏ భాగం అన్నాను. పైనా, కిందా, మొత్తమా? అమ్మాయి వెళ్ళి చేత్తో తడిమి వచ్చి, "మొత్తం గోరువెచ్చగానే ఉంది నాన్నా" అంది.

ఈ చేతి పరీక్ష ఎవరైనా చేయవచ్చు, పైసా ఖర్చు లేదు. కింద వేడిగా ఉండి పైభాగం చల్లగా ఉంటే లోపల గాలి చేరినట్టు. పైనా పక్కలా వేడిగా ఉండి కింద మధ్యలో చల్లగా ఉంటే మడ్డి పేరుకున్నట్టు. ఆ మడ్డి ఎక్కడినుంచో రాదు, రేడియేటర్ల ఇనుమే లోపల తుప్పు పట్టి నల్లటి బురదగా దిగుతుంది, అయస్కాంతానికి అంటుకుంటుంది. రేడియేటర్ అంతా ఒకే తీరున గోరువెచ్చగా ఉంటే దానికి చాలినన్ని నీళ్ళు అందడం లేదన్నమాట. అసలు ఏమాత్రం వేడెక్కకుండా ఉంటే ఎక్కడో వాల్వు మూసుకుపోయి ఉంటుంది. వాళ్ళింట్లో ఈ నాలుగూ ఉన్నాయి, ఒక్కో గదిలో ఒక్కో రోగం.

అక్కడ చలికాలంలో మనకూ వాళ్ళకూ ఐదున్నర గంటల తేడా. వాళ్ళు ఆఫీసులు ముగించుకుని వచ్చి అన్నాలు తినేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. అందుకని శనివారాలు పెట్టుకున్నాం. వాళ్ళకు ఉదయం తొమ్మిది, నాకు మధ్యాహ్నం రెండున్నర, భోజనం చేసి కాస్త నడుం వాల్చే వేళ. మా ఆవిడ దానికి ఒప్పుకుంది కానీ, ఫోనులో మనవడు కనబడ్డప్పుడల్లా ఫోను తన చేతికి ఇవ్వాలని షరతు పెట్టింది. పని సగం ఆలస్యం కావడానికి కారణం ఆ షరతే.

ముందు గాలి తీశాం. పైన చిన్న పడకగదిలో పైభాగం చల్లగా ఉంది. బాయిలర్ ఆపి, పంపు తిరగడం ఆగాక, రేడియేటర్ పై మూలన ఉన్న చిన్న చదరపు మూతిని దాని తాళంచెవితో పావు చుట్టు తిప్పించాను. కింద పాత గుడ్డ పట్టుకోమన్నాను. మొదట బుస్సుమని గాలి, తరువాత చిటపటలు, చివరికి నీటి ధార. ధార రాగానే బిగించేయాలి. నీళ్ళు నల్లగా వచ్చాయని అమ్మాయి కంగారు పడింది. ఆ నలుపే నేను చెప్పిన మడ్డి. గాలి పోయాక లోపల పీడనం పడిపోతుంది, కనుక బాయిలర్ కింద పీడనం చూపే గడియారం చూడమన్నాను. చల్లగా ఉన్నప్పుడు ఒకటి నుంచి ఒకటిన్నర బార్ దాకా ఉండాలి. ఒకటి కన్నా తక్కువ చూపిస్తోంది. నీళ్ళు నింపే చిన్న గొట్టం వాల్వును మెల్లగా తెరిచి, ముల్లు పైకి రాగానే మూసేశాం.

అప్పుడే ఒక మాట గట్టిగా చెప్పాను. బాయిలర్ తొడుగు మీద మాత్రం చెయ్యి వేయకండి. గడియారం చూడండి, బయటి మీటలు తిప్పండి, అంతవరకే. ఇక్కడ మా బాయిలర్లకు 1923 నాటి బాయిలర్ల చట్టం ఉండేది. ఏటా ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సర్టిఫికెట్ ఇస్తే తప్ప నిప్పు పెట్టేవాళ్ళం కాదు. బ్రిటన్‌లో గ్యాస్ పని డబ్బులు తీసుకుని చేసేవాళ్ళు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్ళే అయి ఉండాలి. 2009 నుంచి అక్కడ అదే పద్ధతి. నీళ్ళ వైపు ఎవరైనా చూసుకోవచ్చు, గ్యాసు వైపు కాదు. నా సర్వీసంతా ఆవిరి మధ్యే గడిచింది, ఆ భయం నాకు ఇంకా ఉంది, ఉండాలి కూడా.

తరువాత భోజనాల గది రేడియేటర్, అది అసలు వేడెక్కనిది. ఒక చివర అంకెలున్న గుండ్రటి తల ఉంటుంది. అది గది వేడిని బట్టి తనంతట తానే నీటిని తెరిచి మూసే వాల్వు. ఆ తల లోపల మైనమో ద్రవమో నింపిన గుళిక ఉంటుంది. గది వేడెక్కితే అది ఉబ్బి ఒక సన్నటి పిన్నును కిందికి నొక్కుతుంది, నీటి దారి మూసుకుంటుంది. వేసవి నెలల్లో కదలక మెదలక ఉండి ఆ పిన్ను నొక్కుకున్నచోటే పట్టేస్తుంది. తల విప్పించాను. పిన్నును చెక్క ముక్కతో నొక్కి వదలమన్నాను. నొక్కితే దిగాలి, వదిలితే స్ప్రింగులా లేవాలి. మొదట కదల్లేదు. పక్కన పానాతో మెల్లగా తట్టి మళ్ళీ నొక్కితే టక్కుమని లేచింది. పటకారతో పట్టి పైకి లాగవద్దని ముందే హెచ్చరించాను, పిన్ను ఊడి చేతికి వస్తే గదంతా నల్లనీళ్ళే. అల్లుడు ఆ మాటకు పటకారను తీసుకెళ్ళి అలమరలో పెట్టేశాడు. జాగ్రత్త కలవాడు.

ఇంతవరకూ చేసినవి చిల్లర మరమ్మతులు. మనవడి గది మాత్రం అలాగే ఉంది. అమ్మాయి ఫోనును పదేపదే ఆ గదిలోకే తీసుకెళ్ళి ఆ రేడియేటర్‌నే చూపిస్తోంది. నాకు చూడాలని ఉన్నది నడవలోని రేడియేటర్. "అది బాగానే ఉంది నాన్నా, మండిపోతోంది" అంటుంది. మండిపోతోంది కనుకనే చూడాలి అన్నాను.

ఈ పద్ధతిలో నీళ్ళు ఎలా తిరుగుతాయో తెలిస్తే తక్కినదంతా తేలిక. బాయిలర్ నుంచి వేడినీళ్ళు తెచ్చే పైపు ఒకటి, చల్లారిన నీళ్ళు తిరిగి తీసుకెళ్ళే పైపు ఒకటి. ప్రతి రేడియేటర్ ఈ రెండింటి మధ్యా అడ్డంగా కలిపి ఉంటుంది. పంపు ఒక్కటే. నీళ్ళు దగ్గరి దారి, సులువైన దారి చూసుకుని వెనక్కి వచ్చేస్తాయి. మా వీధి కుళాయిలకు కూడా ఇదే తీరు. ట్యాంకు దగ్గరి ఇళ్ళలో బిందె ఊపిరి పీల్చేలోపు నిండుతుంది, చివరి ఇంటివాళ్ళం మేము బిందె పెట్టి కాఫీ తాగి రావచ్చు. మున్సిపాలిటీ మనిషి వచ్చినప్పుడు మా కుళాయిని ముట్టుకోడు. వీధి మొదట్లో ఉన్న వాల్వును కొంచెం బిగిస్తాడు, మాకు నీళ్ళు పెరుగుతాయి.

లీడ్స్‌లో దీనికి తోడు ఇంకో మెలిక ఉంది. ఇల్లు మొత్తానికి ఉన్న థర్మోస్టాట్ నడవ గోడకే ఉంది. నడవ రేడియేటర్‌కు నీళ్ళు విపరీతంగా వెళ్తాయి, నడవ గబగబా కాగుతుంది, థర్మోస్టాట్ ఇల్లు వేడెక్కిందనుకుని బాయిలర్‌ను ఆపేస్తుంది. అప్పటికి మనవడి గదికి వేడినీళ్ళు చేరడం అప్పుడే మొదలయి ఉంటుంది, అంతే. బాయిలర్ నడవ చెప్పిన మాట వింటోంది, గోస పడేది వెనక గది. ఆ గదిలో రెట్టింపు రేడియేటర్ వేసినా దానికి అందే నీళ్ళు అవే, బాయిలర్ ఆగిపోయే వేళా అదే. మెకానిక్ మాట విని ఉంటే డబ్బు ఖర్చయ్యేది, స్వెట్టర్లు మిగిలేవి.

ప్రతి రేడియేటర్‌కు అంకెల తల ఉన్న చివర కాకుండా రెండో చివర ప్లాస్టిక్ టోపీ పెట్టిన వాల్వు ఉంటుంది. లాక్‌షీల్డ్ అంటారు. టోపీ తీస్తే లోపల చిన్న కాడ, దాన్ని పానాతో తిప్పాలి. ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోకూడదనే ఆ టోపీ. దగ్గరి రేడియేటర్లను బిగించి, దూరపువాటిని తెరిచి ఉంచి, నీటిని పంచే పని అంతా ఈ వాల్వులదే. ఇల్లు కట్టినవాళ్ళో బాయిలర్ మార్చినవాళ్ళో దీన్ని సర్దాలి. చాలా ఇళ్ళలో అన్నీ బార్లా తెరిచి వదిలేసి వెళ్తారు. వీళ్ళింట్లో కూడా అంతే, మనవడి గదిది మాత్రం సగం మూసి ఉంది. ఎవరు మూశారో, ఎందుకు మూశారో, ఆ ఇంటి పాత యజమానికే తెలియాలి.

ఇప్పుడు కొలతలు కావాలి. చేత్తో తడిమి వేడిగా ఉంది, గోరువెచ్చగా ఉంది అంటే కుదరదు. అల్లుడు గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొన్నాడు. మొదట్లో వచ్చిన అంకెలు నాకు నచ్చలేదు. పైపు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది, థర్మామీటర్ మాత్రం 35 అంటోంది. మెరిసే లోహం తన వేడిని ఆ కిరణాల రూపంలో సరిగ్గా బయటపెట్టదు, చుట్టూ ఉన్న చల్లటి గోడల ప్రతిబింబాన్ని చూపిస్తుంది. మిల్లులో మెరిసే రేకు చుట్టిన లైన్ల దగ్గర ఈ తమాషా రోజూ చూసేవాణ్ణి. కరెంటు పనివాళ్ళ నల్లటి టేపు రెండు పైపుల మీదా చిన్న ముక్క చొప్పున చుట్టి, ఆ టేపు మీదే గురిపెట్టమన్నాను. అంకెలు ఒక్కసారిగా దారికి వచ్చాయి. రేడియేటర్ తెల్ల రంగు మీద చూసినా ఫరవాలేదు కానీ, ఇక్కడ కావలసింది లోపలికి వెళ్ళే నీటి వేడి, బయటికి వచ్చే నీటి వేడి, ఈ రెండింటి తేడా.

ఆ శనివారం ఉదయం ఇల్లు చల్లగా ఉండగానే మొదలుపెట్టించాను, రాత్రే బాయిలర్ ఆపి ఉంచమన్నాను. గదుల అంకెల తలలన్నీ పూర్తిగా తెరిపించాను, లాక్‌షీల్డులన్నీ తెరిపించాను. నడవ థర్మోస్టాట్‌ను 30 మీద పెట్టించాను, మధ్యలో బాయిలర్ ఆగిపోతే కొలతలన్నీ వృథా. బాయిలర్ నీటి వేడి 70 మీద. వెలిగించగానే అమ్మాయి పైన, అల్లుడు కింద, ఏ రేడియేటర్ పైపు ఎప్పుడు వేడెక్కిందో కాగితం మీద రాయాలి. ఒక్క మనిషి మేడమెట్లు ఎక్కి దిగుతూ చేస్తే వరుస తప్పుతుంది.

వరుస చూసి ముగ్గురం ఆశ్చర్యపోయాం. మొదట వంటగది, తరువాత నడవ, మూడోది పైన స్నానాల గదిలో తువ్వాళ్ళు ఆరేసే గొట్టాల చట్రం. చిట్టచివర మనవడి గది. ఆ గది సరిగ్గా వంటగది మీదే ఉంది, బాయిలర్‌కు నెత్తి మీదే అనుకోండి. కానీ పైపు మాత్రం ముందు గది మీదుగా, పెద్ద పడకగది చెక్క నేల కిందుగా, ఇల్లంతా చుట్టి అక్కడికి వస్తోంది. గోడ దగ్గరగా ఉన్నంత మాత్రాన పైపు దగ్గరగా ఉండాలని లేదు. అందుకే ఇంటి పటం చూసి ఊహించకుండా వేడెక్కే వరుసనే నమ్మాలి.

అన్నీ కాగాక కొలిచిన అంకెలు ఇవి. నడవలో లోపలికి 68 డిగ్రీలు, బయటికి 64. తేడా నాలుగే. అంటే నీళ్ళు గదికి వేడి ఇవ్వకుండానే పరుగెత్తి వెనక్కి వెళ్ళిపోతున్నాయి. మనవడి గదిలో లోపలికి 60, బయటికి 33. నీళ్ళు ఎంత మెల్లగా కదులుతున్నాయంటే దారిలోనే కొంత చల్లారి, రేడియేటర్‌లో పూర్తిగా చల్లారిపోతున్నాయి. అన్ని రేడియేటర్లలో ఈ తేడాను ఒకే అంకెకు తేవాలి. పాత రకం బాయిలర్లకు 11, 12 డిగ్రీలు అనేవారు. పొగలోని వేడిని కూడా రాబట్టే ఇప్పటి కండెన్సింగ్ బాయిలర్లకు 20 దాకా ఉండవచ్చు. నేను 15కు పైన ఎక్కడైనా చాలు, అన్నీ దగ్గరదగ్గరగా ఉంటే చాలన్నాను. ఆ అంకెను డిగ్రీ తేడా లేకుండా పట్టుకోవాలని ఆదివారాలు కూడా పాడుచేసుకునేవాళ్ళ మీద నాకు గౌరవం లేదు. ఇల్లు ప్రయోగశాల కాదు.

అల్లుడికి ఒక సందేహం వచ్చింది. "మామయ్యగారూ, నడవ, వంటగది బిగించేస్తే అవి చల్లబడిపోవా? ఒకరి అన్నం ఇంకొకరికి పెట్టినట్టే కదా?" మంచి ప్రశ్న. జవాబు లెక్కలో ఉంది. రేడియేటర్‌లో నీటి ప్రవాహం సగానికి తగ్గిస్తే అది ఇచ్చే వేడి సగానికి తగ్గదు. నీళ్ళు ఎక్కువసేపు లోపల ఉండి ఎక్కువ చల్లారి వెళ్తాయి. వేడి తగ్గేది సుమారు ఐదో వంతు. అసలే అవసరానికి మించి పారుతున్నచోట సగం బిగించినా గదిలో మనిషికి తెలియదు. ఒక కిలోవాట్ వేడి ఇచ్చే రేడియేటర్‌లో నీళ్ళు 20 డిగ్రీలు చల్లారితే, దానికి కావలసింది నిమిషానికి ముప్పావు లీటరు కూడా కాదు. అల్లుడు కంప్యూటర్ ముందు కూర్చుని లెక్క వేసుకుని 0.72 లీటర్లు వచ్చిందన్నాడు. ఆ తరువాత నా మాటకు ఎదురు చెప్పలేదు. లెక్క వేసి చూసుకునేవాడికి ఒకసారి చెబితే చాలు.

వంటగదితో మొదలుపెట్టాం. లాక్‌షీల్డును పూర్తిగా మూసి, అక్కడినుంచి పావు చుట్టు తెరిపించాను. పది నిమిషాలు ఆగి కొలవాలి. ఈ ఆగడమే ఎవరికీ చేతకాదు. తిప్పగానే అంకె మారాలని చూస్తారు, మారలేదని మళ్ళీ తిప్పుతారు, రెండు తిప్పుళ్ళ ఫలితం ఒకేసారి వచ్చి తల గోక్కుంటారు. అమ్మాయికి ఆ పది నిమిషాల్లో బట్టలు మడత పెట్టే పని ఇచ్చాను. మా ఆవిడకు మనవడు దొరికాడు.

ఈ వాల్వు గురించి తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి. పని అంతా మూసి ఉన్న స్థితి నుంచి మొదటి చుట్టులోనే. రెండు చుట్లు తెరిచినా నాలుగు తెరిచినా పెద్ద తేడా ఉండదు. అందుకని తెరిచి ఉన్నదాన్ని కొంచెం కొంచెంగా బిగిస్తూ పోతే చాలాసేపు ఏమీ జరగదు, తరువాత ఒక్క పట్టున అంతా జరిగిపోతుంది. మూసి మొదలుపెట్టి తెరుస్తూ వెళ్ళడమే మంచిది. మూసేటప్పుడు బలం ఉపయోగించకూడదు, తగలగానే ఆపాలి. పాత వాల్వయితే కాడ చుట్టూ చెమ్మ వస్తుంది. కాడ చుట్టూ నీరు కారకుండా పట్టి ఉంచే గ్లాండు నట్టును రవ్వంత బిగిస్తే సరిపోతుంది. భోజనాల గదిలో వచ్చింది, బిగిస్తే ఆగింది.

అన్నింటికన్నా ఎక్కువ అల్లరి పెట్టింది తువ్వాళ్ళ చట్రం. చూడడానికి చిన్నది, గదికి ఇచ్చే వేడి కూడా కొంచెమే, కానీ దానికి రెండు చివర్లా మామూలు వాల్వులే, అంకెల తల లేదు. నీళ్ళు అందులోంచి ఎప్పుడూ ఆగకుండా పారుతూనే ఉంటాయి. పైగా లావు పైపు దాని పక్కగానే వెళ్తోంది. దాన్ని పావు చుట్టు కన్నా తక్కువకు తేవలసి వచ్చింది. అలా తెచ్చిన కాసేపటికి అమ్మాయి మనవడి గదిలోంచి అరిచింది, బయటికి వచ్చే పైపు 33 నుంచి 41కి ఎక్కిందని. ఆ గది వాల్వును మేము తెరిచాక మళ్ళీ ముట్టుకోలేదు. ఇంకో చివర ఒక కాడ తిప్పితే ఇక్కడ అంకె లేచింది. అమ్మాయికి అప్పటికి నా మాట మీద నమ్మకం కుదిరింది. అంతకు ముందు మర్యాదకు విన్నది.

చట్రాన్ని పూర్తిగా మూసేద్దామా అని అడిగారు, వద్దన్నాను. గదుల తలలన్నీ ఒకేసారి మూసుకుంటే పంపు తోసే నీళ్ళకు ఎక్కడో ఒక దారి ఉండాలి. ఈ రకం బాయిలర్లలో చాలావాటికి లోపలే అలాంటి దారి ఉంటుంది, కానీ ఒక రేడియేటర్ ఎప్పుడూ తెరిచి ఉండడం మంచిది. నడవది కూడా అంతే. థర్మోస్టాట్ ఉన్నచోట రేడియేటర్‌కు అంకెల తల ఉంటే పూర్తిగా తెరిచి వదిలేయాలి, లేకపోతే రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. తల మూసుకుని నడవ చల్లగా ఉంటే బాయిలర్ రాత్రంతా మండుతూనే ఉంటుంది.

ఒక చుట్టు అన్నీ సర్దాక మొదటి రేడియేటర్ దగ్గరికి మళ్ళీ రావాలి. ఒకటి బిగిస్తే మిగతావాటికి నీళ్ళు పెరుగుతాయి కనుక ముందు సర్దినవి కొంచెం జరుగుతాయి. రెండో చుట్టు మొదటిదానంత సేపు పట్టదు. చివరికి నడవలో 68, 52 వచ్చింది. వంటగది, పెద్ద పడకగది ఇంచుమించు అంతే. మనవడి గదిలో 66, 48. తేడాలు 15కూ 18కీ మధ్య నిలబడ్డాయి, అక్కడ ఆపేయమన్నాను. థర్మోస్టాట్‌ను మామూలుగా 20కి దించి, గదుల తలలను మూడో అంకె మీద పెట్టించాను. ఆ అంకె దాదాపు 20 డిగ్రీలకు సరిపోతుంది. మనవడి గది మిగతా గదులతో పాటే కాగింది, అదే రేడియేటర్‌తో. పెద్ద సైజు కొనాల్సిన పని పడలేదు.

అది జరిగింది భోగికి ముందు శనివారం. మా వీధిలో పిల్లలు పాత తలుపు చెక్కలు పోగేస్తున్నారు. కోరాపుట్ కొండల మీద ఉన్నంత చలి మాకు ఉండదు, అయినా జనవరి తెల్లవారుజామున నాగావళి ఒడ్డుకు వెళ్తే చెవులు జివ్వుమంటాయి.

ఇల్లంతా సమంగా కాగాక మరో లాభం దొరికింది. ఇంగ్లండ్‌లో 2005 నుంచి కొత్తగా బిగించే గ్యాస్ బాయిలర్లు చాలావరకు కండెన్సింగ్ రకమే ఉండాలి. పొగలోని నీటి ఆవిరి బాయిలర్ లోపలే నీరుగా మారి, అప్పుడు విడుదలయ్యే వేడిని కూడా ఇస్తుంది. కానీ అలా జరగాలంటే వెనక్కి వచ్చే నీళ్ళు సుమారు 55 డిగ్రీలకు లోపుండాలి. ఇంతకాలం నడవ, వంటగది, తువ్వాళ్ళ చట్రం 64 డిగ్రీల నీళ్ళను వెనక్కి పంపుతుంటే ఆ బాయిలర్ పేరుకే కండెన్సింగ్. ఇప్పుడు వెనక్కి వచ్చేవి 50 దగ్గర. మిల్లులో మాకు ఇది తలకిందుల వ్యవహారం. బొగ్గు పొగలో గంధకం ఉంటుంది, పొగ మరీ చల్లబడి చెమ్మ పడితే ఆమ్లమై గొట్టాలను తినేస్తుంది, అందుకని పొగను వేడిగానే బయటికి పంపేవాళ్ళం. చెమ్మ పడాలని కోరుకునే బాయిలర్‌ను ముసలితనంలో చూశాను. దాంట్లో పడే నీరు కూడా కొంచెం పులుపే, అందుకే ప్లాస్టిక్ గొట్టంలో బయటికి వదులుతారు. ఆ గొట్టం ఇంటి బయట ఉంటే గట్టి చలికి గడ్డకట్టి బాయిలర్ ఆగిపోతుందని అల్లుడికి ముందే చెప్పాను. దానికి గుడ్డ కాదు, మంచి నురుగు తొడుగు వేయించాడు.

తరువాత బాయిలర్ నీటి వేడిని 70 నుంచి 60కి దించమన్నాను. ఒక గది వెనకబడి ఉన్నంతకాలం దించలేరు, ఆ గది ఇంకా గడ్డకడుతుంది. అన్నీ సమంగా ఉంటే దించవచ్చు, ఇల్లు కాగడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, గ్యాసు మిగులుతుంది. వేడినీళ్ళ ట్యాంకు ఉన్న ఇళ్ళవాళ్ళు మాత్రం ఇలా ఆలోచించకుండా దించకూడదు. నిలవ నీళ్ళను 60కి తక్కువ కాకుండా కాచకపోతే అందులో లెజియొనెల్లా అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. వీళ్ళకు నిలవ లేదు కనుక ఇబ్బంది లేదు.

ప్రతి లాక్‌షీల్డు మూసిన స్థితి నుంచి ఎంత తెరిచి ఉందో కాగితం మీద రాయించి, బాయిలర్ పక్కన అలమర తలుపు లోపలి వైపు అంటించమన్నాను. రేపు గోడకు రంగు వేయడానికి ఎవరో రేడియేటర్ దించుతారు, పెట్టేటప్పుడు వాల్వు బార్లా తెరుస్తారు. అప్పుడు మళ్ళీ మొదటినుంచి చేయనక్కరలేదు.

ముందు గది రేడియేటర్ ఒక్కటి మిగిలింది. దాని కింది భాగం ఇప్పటికీ చల్లగానే ఉంటుంది, మడ్డి. వాల్వు తిప్పితే పోయే జబ్బు కాదది. దాన్ని విప్పి, మూతులు మూసి, బయట తోటలోకి మోసుకెళ్ళి గొట్టంతో కడగాలి. కడిగాక తుప్పు పట్టకుండా ఆపే మందు మళ్ళీ కలపాలి, తిరిగి వచ్చే పైపుకు అయస్కాంతం ఉన్న ఫిల్టర్ వేయించాలి. మడ్డి పోతే దాంట్లో నీటి దారి సులువవుతుంది, కనుక దాని లాక్‌షీల్డు ఇంకొంచెం బిగించాలి. చలిలో ఆ పని పెట్టుకోవద్దన్నాను. అల్లుడు జూన్‌లో ఒక శనివారం ఖాళీ ఉంచాడు. అప్పటికి వాళ్ళ గడియారం గంట ముందుకు జరిగి ఉంటుంది కాబట్టి, నన్ను ఒంటిగంటన్నరకల్లా అన్నం తిని సిద్ధంగా ఉండమన్నాడు.